రెండువందల ముప్పై రెండు

సితియా రేవు మీదుగా గాలి మూడు రోజులుగా వదలడం లేదు.
సహకార సంఘం ప్రయోగశాల కిటికీలకి ఉప్పు పేరుకుంది.
పొద్దున్నే డ్యుటీరియం దీపం వెలిగించాను.
అది కుదురుకోవడానికి అరగంట పడుతుంది.
ఆ అరగంటలోనే వచ్చింది అరిస్టేయా,
నల్ల గౌను, చంకలో సీసా,
సీసాకి చలి తగలకుండా తొడిగిన మగవాడి మేజోడు.

"మనూసోస్ ఆడించిన ఆఖరి నూనె.
నాలుగేళ్లయింది. డబ్బాలో సగం అలాగే ఉంది.
సబ్బు వండేద్దాం అంటుంది మా ఆడపడుచు.
నీ యంత్రం ఏమంటుందో కాగితం మీద రాసివ్వు."

మూత తీయగానే నా ముక్కు చెప్పేసింది:
కనరు. కరిగి గడ్డకట్టిన మైనం, పురుగు పట్టిన వాల్‌నట్.
కానీ ముక్కు మాట రిజిస్టరులో చెల్లదు.

పావు గ్రాము తూచి ఐసో ఆక్టేన్‌లో కలిపాను,
సంగతి తెలిసిందే కనక మళ్లీ అయిదింతలు పల్చన చేశాను.
ఐసో ఆక్టేన్ మంచి సాక్షి,
ఈ వెలుతురులో తను చుక్కయినా తాగదు,
ఎవరి తరఫునా మాట్లాడదు.
మామూలు గాజు అలా కాదు, దారిలోనే మింగేస్తుంది.
అందుకే క్వార్ట్జ్ క్యువెట్. చిటికెన వేలంత డబ్బా,
ఖరీదు నా జీతంలో అయిదో వంతు.

"ఏం చూస్తుందది?" అంది.

ఏం చెప్పను?
కొత్త నూనె అణువులో రెండు జంట బంధాలుంటే
నడుమ ఒక కర్బనం అడ్డుగోడ,
ఒకరి దగ్గు ఒకరికి వినపడని ఇరుగుపొరుగు.
అక్కడి ఎలక్ట్రాన్ పై మెట్టు ఎక్కాలంటే
మరీ పొట్టి అల కావాలి, గాలే మింగేసేంత పొట్టిది,
నా దీపం దాన్ని ఇక్కడిదాకా తీసుకురాలేదు.
కొత్త నూనె అందుకే నా దగ్గర నోరు విప్పదు.

తర్వాత గాలి తగులుతుంది. వేసవులు దాటతాయి.
ఒక బంధం ఒక్క అడుగు జరుగుతుంది.
అంతే, గోడ తప్పుకుని
రెండిళ్లకీ ఒకే వసారా అవుతుంది.
ఆ చివర నుంచి ఈ చివరకి ఎలక్ట్రాన్లు తిరుగుతాయి,
మెట్టు ఎత్తు తగ్గుతుంది,
రెండువందల ముప్పై రెండు నానోమీటర్ల దగ్గర
కంటికి ఆనని వెలుతురుని గుక్కపట్టి తాగుతాయి.

ఇదంతా చెప్పలేదు.
"పాతబడేకొద్దీ లోపల కొన్ని పక్కపక్కకి చేరతాయి,
చేరినవి వెలుతురు తాగుతాయి" అన్నాను.

"మా లెక్క తిరగబడింది," అంది అరిస్టేయా,
"పాతబడ్డాక మేం వేరు మంచాలకి మారాం.
ఏం గురకమ్మా అది!"

నవ్వాపుకోలేక, మూత బిగించిన క్యువెట్
చూడమని ఆవిడ చేతికిచ్చాను. తప్పు నాదే.
గరుకు పక్కలు పట్టుకోవాలి,
ఆవిడ నున్నటి ముఖాలే పట్టి కిటికీకి ఎత్తింది.
"నీళ్లలా ఉంది. ఏమీ లేదు ఇందులో."

మూత వేశాను. గీత లేచింది.
సున్నా పాయింట్ ఎనభై ఆరు.
శిఖరం ఉండాల్సిన చోటే ఉంది, గీత పొడుగునా మాత్రం
నూనెది కాని ఒక వాపు.
క్యువెట్ తీసి దీపానికి పట్టి చూశాను,
బొటనవేలు, సుళ్లతో సహా.

ఆల్కహాలుతో తుడిచాను. మళ్లీ పెట్టాను.
సున్నా పాయింట్ ఎనభై ఒకటి.
అయిదుతో హెచ్చిస్తే నాలుగు పైచిలుకు.
మేలురకానికి హద్దు రెండున్నర.

రెండో అంకె రాసి ముద్ర వేశాను.
కాగితం నాలుగు మడతలు చేసి మేజోడులోకి దోపింది.
"సబ్బే అన్నమాట." తలుపు దగ్గర ఆగింది.
"సగం డబ్బా సబ్బు. ఎవరి మేజోళ్లు ఉతకను దాంతో?"

మధ్యాహ్నానికి ఇంకా పదకొండు నమూనాలున్నాయి,
అన్నీ ఈ ఏటివే, పచ్చగా, గొంతులో మంట పుట్టించేవి.
మొదటి గీత ఉన్న కాగితం కొట్టేయాలి, అది నియమం.
సొరుగులో పెట్టాను,
పాత బల్బుల రసీదుల కింద.